డాక్టరమ్మకు కోరలు పెట్టకు

తమ్ముడూ,

నీ కథ చదివాను. నాజీ డాక్టరు హెర్టా ఒబర్‌హాయిజర్ మీద రాయాలనుకున్నందుకు సంతోషం. కానీ మొదటి పేజీలోనే ఆమెకు పాము కళ్లు పెట్టేశావు. ఇంక పాఠకుడికి టెన్షన్ ఏముంటుంది? రాక్షసి కదా, చేస్తుందిలే అని పేజీ తిప్పేస్తాడు.

ఆమె 1911లో కొలోన్‌లో పుట్టింది. చర్మవ్యాధుల డాక్టరు. ప్రకటన చూసి నాజీలు ఆడ ఖైదీలను ఉంచిన రావెన్స్‌బ్రూక్ క్యాంపులో ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టింది. ఆ రోజుల్లో జర్మనీలో ఆడవాళ్లను సర్జరీ వైపు రానిచ్చేవాళ్లు కాదని కోర్టులో చెప్పుకుంది. నీ కథ ఇక్కడ మొదలవ్వాలి. ఉద్యోగం, ప్రమోషన్, పెద్ద సర్జన్ పక్కన నిలబడే ఛాన్సు... ఇవి మనకు తెలియని ఆశలా?

ఆ పెద్ద సర్జన్ కార్ల్ గెబ్‌హార్ట్. 1942 జూన్‌లో హైడ్రిక్ అనే పెద్ద నాజీ నాయకుడు గాయాలు చీము పట్టి చనిపోయాడు. చీము పట్టకుండా ఇచ్చే సల్ఫా మందు సరిగా వాడలేదన్న నింద, వైద్యం చూసిన గెబ్‌హార్ట్ మీద పడింది. ఆ మందు పనిచేయదని చూపించడానికి ఆరోగ్యంగా ఉన్న ఖైదీల కాళ్లు కోసి, బ్యాక్టీరియా, చెక్క పొట్టు, గాజు పొడి పెట్టారు. వాళ్లలో 74 మంది పోలండ్ ఆడవాళ్లు. ఐదుగురు ఆపరేషన్ల వల్ల చనిపోయారు, ఆరుగురిని గాయాలు మానకముందే కాల్చేశారు. ఒబర్‌హాయిజర్ పని ఖైదీలను సిద్ధం చేయడం, ఆపరేషన్ తర్వాత చూసుకోవడం. ఆ చూసుకోవడం ఎలా ఉందంటే, కట్లు మార్చకుండా రోజుల తరబడి వదిలేశారని సాక్షులు చెప్పారు. నువ్వు కత్తి గురించి మూడు పేరాలు రాశావు, కట్టు గురించి ఒక్క ముక్క లేదు. 'వైద్యో నారాయణో హరిః' అనుకునే పాఠకుడికి కత్తి కంటే మార్చని కట్టే ఎక్కువ గుచ్చుకుంటుంది.

ఇంకో మాట. ఆ ఆడవాళ్లను నీ కథలో ఏడవడానికే పెట్టావు. వాళ్లలో కొందరు ఇంటికి రాసే ఉత్తరాల్లో, అనుమతించిన వరుసల మధ్య మూత్రంతో రహస్యంగా రాసేవారు. ఇంట్లోవాళ్లు ఆ కాగితాన్ని ఇస్త్రీ పెట్టెతో వేడి చేస్తే గోధుమరంగులో అక్షరాలు తేలేవి. ఎవరెవరిని కోశారో అలా బయటికొచ్చింది. ఇంత పెద్ద సీను చేతిలో ఉండగా ఏడుపు దేనికి?

కోర్టు భాగం కుదించు. నురెంబర్గ్‌లో డాక్టర్ల విచారణ 1946 డిసెంబరులో మొదలైంది. 23 మంది ముద్దాయిల్లో ఆమె ఒక్కతే ఆడది. యద్విగా జీదో అనే సాక్షి జడ్జీల ముందు నిలబడి తన కాలి మచ్చలు చూపించింది, అది చాలు. మనుషుల మీద ప్రయోగాల గురించి 1947 ఆగస్టు తీర్పులో చెప్పిన పది సూత్రాలను నువ్వు వరసగా అప్పజెప్పావు. 'మనిషి ఒప్పుకోకుండా ప్రయోగం చేయరాదు' అన్న మొదటిది ఉంచి, మిగతావి తీసెయ్.

తీర్పుతో కథ ముగించడం నాకు నచ్చలేదు. గెబ్‌హార్ట్‌కు ఉరి పడింది. ఆమెకు 20 ఏళ్ల శిక్ష వేసి, పదికి తగ్గించి, 1952లోనే వదిలేశారు. స్టోక్‌సే అనే పల్లెలో మళ్లీ డాక్టరుగా బోర్డు పెట్టింది. రావెన్స్‌బ్రూక్ నుంచి బతికొచ్చిన ఒకామె గుర్తుపట్టాక గొడవ మొదలై, 1958లో లైసెన్సు పోయింది. మధ్యలో ఆ కొన్నేళ్లు ఆమె దగ్గరికి జ్వరమనీ దగ్గనీ జనం వచ్చే ఉంటారు కదా. వాళ్లలో ఒక తల్లిని తీసుకో. పిల్లాడి మోకాలికి దెబ్బ తగిలింది, డాక్టరమ్మ శుభ్రంగా కట్టు కట్టింది, మూడో రోజు మార్చడానికి రమ్మంది. ఆ భాగం రాసి పంపు, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

నీ అన్నయ్య