మీకు థైరాయిడ్ ఉన్నమాట నిజం, షుగర్ మాత్రం ఇంకా తేలలేదు

చెల్లెమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. టెక్కలి దగ్గర పల్లె, 29 ఏళ్ళు, పెళ్ళయి రెండేళ్ళు, పిల్లల కోసం చూస్తున్నారు. నీరసంగా ఉందని రక్తపరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందగిస్తే పెరిగే అంకె) 11.4, యాంటీ టీపీఓ (థైరాయిడ్ మీద ఒళ్ళే చేసే దాడిని చూపేది) 600 పైన, హిమోగ్లోబిన్ 8.8, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సరాసరి) 6.2 వచ్చాయి. పరగడుపు షుగర్ 92. మూడు జబ్బులూ ఒక్కసారే వచ్చేశాయా అని భయపడుతున్నారు. మీ పెద్దత్త తన షుగర్ మాత్రలు ఇచ్చి ఇవాళ్టి నుంచే మొదలుపెట్టమంటోంది. థైరాయిడ్ మాత్ర మొదలెడితే ఇక మానకూడదట కదా, ముందు తిండితో చూద్దామా అని అడిగారు.

నేను డాక్టర్ని కాను, విజయనగరంలో టీచర్ని. నాకు 2014 నుంచి థైరాయిడ్. మా అమ్మకు అంతకుముందు నుంచే షుగర్. మా చెల్లి కొడుక్కి తొమ్మిదో ఏట టైప్ 1 షుగర్ వచ్చింది. ఈ మూడింటి చుట్టూ తిరిగి నేర్చుకున్నది చెప్తాను. మాత్ర రాసేది, మోతాదు చెప్పేది మీ డాక్టరే.

ముందు ఆ షుగర్ సంగతి చూద్దాం, ఎందుకంటే తొందరపడి తప్పు చేసే వీలున్నది అక్కడే. హెచ్‌బీఏ1సీ 5.7 లోపు మామూలు, 5.7 నుంచి 6.4 వరకు షుగర్ అంచు, 6.5 నుంచి షుగర్ అంటారు. ఆ లెక్కన 6.2 అంటే అంచులో ఉన్నట్టే. కానీ పరగడుపు షుగర్ 100 లోపు ఉంటే మామూలు, మీది 92. ఒకటి ఉందంటోంది, ఇంకొకటి లేదంటోంది. అలాంటప్పుడు హిమోగ్లోబిన్ వైపు చూడాలి. హెచ్‌బీఏ1సీ అంటే ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కి ఎంత చక్కెర అంటుకుందో కొలిచే లెక్క. కణం సుమారు 120 రోజులు బతుకుతుంది కాబట్టి రెండు మూడు నెలల సరాసరి తెలుస్తుంది. ఒంట్లో ఐరన్ తక్కువైతే కొత్త కణాలు సరిగా పుట్టవు, ఉన్నవాటిలో పాతవే ఎక్కువ. పాత కణానికి చక్కెర ఎక్కువ రోజులుగా అంటుకుంటూ ఉంటుంది కదా, అందుకని అసలు షుగర్ పెరగకపోయినా ఆ అంకె పైకి పోతుంది. థైరాయిడ్ మందగించినా ఇదే జరగొచ్చు. మీకు రక్తహీనత ఉంది, థైరాయిడూ మందగించింది.

కాబట్టి మీ 6.2ని ఇప్పుడే నమ్మకండి, అలాగని కొట్టిపారెయ్యకండి. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు రక్తం తీసే పరీక్ష ఉంటుంది, అది చేయించమని అడగండి. రెండు గంటల తర్వాత 140 లోపు ఉంటే మామూలు, 140 నుంచి 199 అంచు, 200 నుంచి షుగర్. దానికి రక్తహీనతతో పని లేదు. ఐరన్ సర్దుకున్నాక మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ మళ్ళీ చేయిస్తే అప్పుడు నిజం చెప్తుంది. దీనికి తిరగేసిన సంగతి కూడా మన వైపు ఉంది. సీతంపేట, కురుపాం వైపు ఏజెన్సీ ఊళ్ళలో కొడవలి కణాల జబ్బు (సికిల్ సెల్) ఉన్న కుటుంబాలున్నాయి. వాళ్ళ ఎర్ర కణాలు తొందరగా చచ్చిపోతాయి కాబట్టి షుగర్ ఉన్నా హెచ్‌బీఏ1సీ తక్కువ చూపిస్తుంది. వాళ్ళకి ఆ ఒక్క అంకె చూసి షుగర్ లేదనడం పొరపాటు.

ఇక థైరాయిడ్. టీఎస్‌హెచ్ దాదాపు 0.4 నుంచి 4.5 మధ్య ఉండాలి. పది దాటితే సాధారణంగా మాత్ర మొదలుపెడతారు, పిల్లల కోసం చూస్తున్నవాళ్ళకి అంతకన్నా ముందే పెడతారు. తిండితో చూద్దామని ఆగే సమయం కాదిది. యాంటీ టీపీఓ అంత ఎక్కువుందంటే మీ ఒంటి రక్షణ దళమే థైరాయిడ్ గ్రంథిని పరాయిదనుకుని దాడి చేస్తోందని అర్థం. ఆటోఇమ్యూన్ అంటే అదే. 1912లో హకారు హషిమోటో అనే జపాన్ వైద్యుడు నలుగురు ఆడవాళ్ళ గ్రంథుల్లో ఈ మార్పును చూసి రాశాడు, అందుకే దీన్ని హషిమోటో జబ్బు అంటారు. ఇమ్యూనిటీ తగ్గి వచ్చే జబ్బు కాదిది, దారి తప్పిన ఇమ్యూనిటీ. ఇమ్యూనిటీ పెంచుతామని అమ్మే పొడులు, కషాయాలు దీనికి పనికిరావు. అశ్వగంధ అయితే థైరాయిడ్ హార్మోన్లనే కదుపుతుంది, డాక్టర్‌కి చెప్పకుండా వాడకండి. యాంటీ టీపీఓ పరీక్ష మళ్ళీ మళ్ళీ చేయించి డబ్బు తగలెయ్యకండి. అది 600 నుంచి 400కి దిగినా, 900కి ఎక్కినా మాత్ర మోతాదు మారదు. మోతాదుకి చూసేది టీఎస్‌హెచ్‌నే.

బతికినంత కాలమా అంటే, చాలామందికి అవును. నాకూ మొదట్లో ఆ మాటే గుండెలో గుచ్చుకుంది. కానీ ఇది అలవాటయ్యే మందు కాదు. మన గ్రంథి తయారుచెయ్యలేని హార్మోన్‌నే బయటినుంచి ఇస్తున్నారు. థైరోనార్మ్ అన్నా ఎల్ట్రాక్సిన్ అన్నా లోపలున్నది థైరాక్సినే. ఒక కంపెనీది సరిపడ్డాక ఊరికే మార్చకండి.

నా తప్పు చెప్తాను, ఇది మీకు చాలా అవసరం. రెండో కాన్పు తర్వాత నాకు జుట్టు ఊడటం, గొంతు బొంగురుపోవడం, పాఠం చెప్తుంటే మాట మధ్యలో మరిచిపోవడం. బాలింత నీరసం అని అందరూ అన్నారు, నేనూ అలాగే అనుకున్నాను. పరీక్షలో టీఎస్‌హెచ్ 38. యాభై మైక్రోగ్రాముల మాత్రతో మొదలుపెట్టారు. రెండు నెలలకు టీఎస్‌హెచ్ 19. డెబ్బై ఐదు చేశారు, వంద చేశారు, నూట పాతిక చేశారు. అప్పటికీ 14 దగ్గరే ఆగిపోయింది. ప్రతిసారీ రిపోర్టు చూశారు, మోతాదు పెంచారు, పంపించారు. ఎలా వేసుకుంటున్నావని ఎవరూ అడగలేదు, నాకూ చెప్పాలని తోచలేదు.

చివరికి ఒక పెద్ద డాక్టరుగారి దగ్గరికి వెళ్తే ఆయన రిపోర్టు పక్కన పెట్టి, "పొద్దున్న లేచినప్పటి నుంచి ఏం చేస్తావో వరసగా చెప్పమ్మా" అన్నారు. చెప్పాను. స్టవ్ పక్క గట్టు మీద స్టీలు డబ్బా ఉంటుంది, అందులో థైరాయిడ్ సీసా, ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు. పాలు పొంగి టీ అయ్యేలోపు మూడూ అరచేతిలో వేసుకుని టీతో మింగేస్తాను, మరిచిపోకుండా ఉంటుందని. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఆ కాల్షియమూ ఐరనూ కలిసి నీ థైరాయిడ్ మాత్రని పేగుల్లోనే పట్టేసుకుంటున్నాయమ్మా, ఒంటికి అందనివ్వట్లేదు" అన్నారు. ఏడాదికి పైగా నేను రోజూ చేసింది అదన్నమాట. ఇంటికొచ్చి ఆ డబ్బా చూస్తే ఏడుపొచ్చింది.

ఆ తర్వాత జరిగింది కూడా చెప్పాలి. అదే నూట పాతికని పరగడుపున మంచినీళ్ళతో వేసుకోవడం మొదలెట్టాను. ఆరు వారాలు తిరక్కుండానే గుండె దడ, బోర్డు మీద రాస్తుంటే చెయ్యి వణుకు. పరీక్షిస్తే టీఎస్‌హెచ్ 0.05, అంటే మందు ఎక్కువైంది. తగ్గించి 88 దగ్గర నిలబెట్టారు, ఇప్పటికీ అదే. వేసుకునే తీరు సరిదిద్దుకున్నాక మళ్ళీ పరీక్ష చేయించుకోవాలని అందుకే అంటున్నాను.

మీకు ఇప్పుడు ఐరన్ కూడా రాస్తారు, కాబట్టి మొదటిరోజు నుంచే జాగ్రత్త పడండి. లేవగానే థైరాయిడ్ మాత్ర, ఒక గ్లాసు మంచినీళ్ళు. టీ గాని టిఫిన్ గాని అరగంట నుంచి గంట తర్వాత. ఐరన్, కాల్షియం నాలుగు గంటలు ఆగాకే. మధ్యాహ్నం భోజనం తర్వాత ఐరన్ వేసుకుని పక్కన నిమ్మకాయ నీళ్ళు తాగితే బాగా పడుతుంది, టీ తాగితే పట్టదు. పొలం పనికో బస్సుకో తెల్లారే పరిగెత్తేవాళ్ళకి రాత్రి అన్నం తిన్న మూడు గంటల తర్వాత వేసుకోవడం కూడా కుదురుతుంది, డాక్టర్‌ని అడగండి. మాత్రలు సీసాలోనే ఉంచండి, వంటింటి వేడికి దూరంగా. జుట్టుకని బయోటిన్ మాత్రలు వాడుతుంటే పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు ఆపండి, చాలా ల్యాబుల్లో అది థైరాయిడ్ అంకెల్ని తప్పుగా చూపిస్తుంది. మోతాదు మొదలెట్టినా మార్చినా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి టీఎస్‌హెచ్ చేయించండి. పదిహేను రోజులకే చేయిస్తే అది ఇంకా సర్దుకోదు.

నౌపడా రాళ్ళ ఉప్పే మంచిదని మీ ఇంట్లో అంటున్నారని రాశారు. మీ పక్కనే ఉప్పు మళ్ళు ఉన్నాయి, ఆ ఉప్పు మీద మీవాళ్ళ మమకారం నాకు అర్థమవుతుంది. ఆవకాయకి వాడుకోండి. రోజు కూరల్లోకి మాత్రం అయోడిన్ కలిపిన ఉప్పే వాడండి, కడుపున బిడ్డ పడితే ఆ బిడ్డ మెదడుకి అయోడిన్ కావాలి. అలాగని హషిమోటోకి అయోడిన్ మాత్రలు విడిగా మింగితే మేలు జరగదు, కీడు కూడా చెయ్యొచ్చు. క్యాబేజీ మానక్కర్లేదు, వండుకుని తినండి.

మీ పెద్దత్త మాత్రల గురించి. ఆవిడ ప్రేమతోనే ఇస్తోంది, నాకు తెలుసు. కానీ షుగర్ మాత్రల్లో కొన్ని మామూలు మనిషి వేసుకుంటే షుగర్ పడిపోయి కళ్ళు తిరిగి పడిపోతారు. ఆవిడవి ఏవో చూడండి. మెట్‌ఫార్మిన్ అయితే ఏళ్ళ తరబడి వాడినవాళ్ళలో బీ12 తగ్గుతుంది, కాళ్ళు తిమ్మిర్లంటే ఆవిడకే ఆ పరీక్ష చేయించండి. మీవాళ్ళు ఉద్దానం వైపు నుంచి వచ్చినవాళ్ళయితే, కవిటి, సోంపేట, కంచిలి, మందస, ఎక్కడైనా సరే, ఆవిడకు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), మూత్రంలో ప్రొటీన్ తప్పకుండా చూపించండి. అక్కడ షుగర్ లేనివాళ్ళకే కిడ్నీలు పాడవుతున్నాయి, షుగర్ తోడైతే ఇంకా ముప్పు. మెట్‌ఫార్మిన్ మోతాదు కూడా కిడ్నీని బట్టే ఉంటుంది. ఒళ్ళు నొప్పులకి మెడికల్ షాపులో నొప్పి బిళ్ళలు కొనుక్కోవడం మానిపించండి. మీకూ అదే మాట, థైరాయిడ్ తక్కువైనప్పుడు ఒళ్ళు నొప్పులు ఉంటాయి, అవి థైరాక్సిన్ సరిపడ్డాక తగ్గుతాయి.

తిండి గురించి మా అమ్మ సంగతొకటి. అన్నం తగ్గించి పొద్దున్నే పెద్ద లోటాడు చోడి (రాగి) అంబలి తాగేది. షుగర్ మాత్రం దిగేది కాదు. ఒక ఆదివారం నేనే మిషన్‌తో చూశాను. తాగకముందు 121, రెండు గంటలకు 214. ఆ అంకె చూసి అమ్మ, "నాను తాగింది సోడంబలే కదేటే, పంచదారేటి ఎయ్యనేదు" అంది. పిండి మెత్తగా ఉడికి నీళ్ళలా దిగిపోతే ఏ గింజయినా తొందరగానే చక్కెరవుతుంది. ఇప్పుడు చిన్న గ్లాసుతో తాగుతుంది, పక్కన ఉడకబెట్టిన గుడ్డు గాని గుప్పెడు ఉలవలు గాని తింటుంది. రాత్రిపూట నాలుగు చపాతీలు తిని అన్నం మానేశానని తృప్తిపడేవాళ్ళదీ ఇదే కథ.

టైప్ 1 గురించి మీరు అడగలేదు గాని, ఆటోఇమ్యూన్ అన్న మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. మా చెల్లి కొడుకు పక్క తడపడం మళ్ళీ మొదలెట్టాడు, రాత్రి లేచి బిందెలోంచి ముంచుకుని నీళ్ళు తాగేవాడు, నెలలో చొక్కాలన్నీ వదులైపోయాయి. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు. వాంతులై, ఆయాసంతో ఊపిరి తీస్తుంటే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. షుగర్ 500 పైన. మీ గ్రంథి మీద జరిగే దాడే వాడికి ఇన్సులిన్ తయారుచేసే కణాల మీద జరిగింది. మా అమ్మ షుగర్ వేరు, వాడి షుగర్ వేరు. వాడికి ఇన్సులిన్ ఒక్క రోజు ఆపినా ప్రాణం మీదికొస్తుంది, పసరు మందులు దానికి బదులు కావు. 1922లో మనుషులకు ఇన్సులిన్ ఇవ్వడం మొదలుకాక ముందు ఇలాంటి పిల్లలు ఎక్కువ కాలం బతికేవారు కాదు. ఇప్పుడు వాడు ఇంటర్ చదువుతున్నాడు, సంచీలో పెన్నుతో పాటే ఇన్సులిన్ పెన్ను. మీ ఇంట్లోనో వీధిలోనో ఏ పిల్లాడికైనా ఈ గుర్తులు కనిపిస్తే ఆ రోజే షుగర్ చూపించండి.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది. ఈ వారమే శ్రీకాకుళం రిమ్స్ పెద్దాసుపత్రిలో గాని, మీకు దగ్గర్లో ఉన్న ఫిజీషియన్‌కి గాని చూపించి థైరాక్సిన్ మొదలుపెట్టించుకోండి. విశాఖ కేజీహెచ్‌లో హార్మోన్ల జబ్బులు చూసే ఎండోక్రైనాలజీ విభాగం ఉంది, అంకెలు కుదరకపోతే అక్కడికి వెళ్ళొచ్చు. ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బీ12, గ్లూకోజ్ పరీక్ష అడగండి. 8.8 ఎందుకొచ్చిందో కూడా అడగండి. థైరాయిడ్ తక్కువైతే నెలసరిలో రక్తం ఎక్కువ పోతుంది, రక్తహీనతకు అదొక కారణం కావొచ్చు. పిల్లల కోసం చూస్తున్నారని తప్పకుండా చెప్పండి, అప్పుడు టీఎస్‌హెచ్‌ని 2.5 లోపు తేవాలని చూస్తారు. నెల తప్పిందని తెలిసిన రోజే డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి. కడుపుతో ఉన్నప్పుడు మోతాదు సుమారు పాతిక, ముప్పై శాతం పెంచాల్సి వస్తుంది, మొదటి నెలల్లో బిడ్డకి మీ హార్మోనే ఆధారం. కడుపుతో ఉన్నాను కదా అని మాత్ర ఆపేసినవాళ్ళని చూశాను, మీరు ఆ పని చెయ్యకండి.

మందు మొదలెట్టిన తేదీ గోడ క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి, దానికి ఆరు వారాల తర్వాత తేదీ దగ్గర టీఎస్‌హెచ్ అని రాయండి. ఆ రిపోర్టు వచ్చాక ఏమొచ్చిందో ఇక్కడ చెప్పండి. పెద్దత్త మాత్రలు మాత్రం ఇవాళే తిరిగి ఇచ్చెయ్యండి.