లాక్‌డౌన్ కేసా? ఫైన్ కట్టే ముందు ఫైల్ చూడండి

2020లో బయట తిరిగినందుకు పాత ఐపీసీ 188 సెక్షన్ (అధికారి ఉత్తర్వును ధిక్కరించడం) కింద కేసు పెట్టారనీ, ఇప్పుడు తప్పు ఒప్పుకుని ఫైన్ కట్టేయమంటున్నారనీ, కట్టాలా అనీ అడిగారు. ఫైల్ చూడకుండా రూపాయి కూడా కట్టకండి. తప్పు ఒప్పుకుంటే శిక్ష పడినట్టే, అది రికార్డులో ఉండిపోతుంది.

మా మామయ్యది పాల వ్యాపారం. ఆ ఏప్రిల్‌లో ఇళ్లకు పాలు పోసి ఖాళీ క్యాన్లతో వస్తుంటే సెంటర్‌లో ఆపారు. పాలకు అనుమతి ఉంది కదా సార్ అంటే, "మరి క్యాన్లో పాలేవి?" అన్నారు. పోసొచ్చాక పాలెందుకుంటాయి! బండి లాక్కున్నారు. విడిపించుకోవడానికి నేనూ వెళ్లాను. స్టేషన్ ఆవరణ నిండా బళ్లే. హ్యాండిళ్లకు కట్టిన చీటీల మీద ఇంకు వానకు కారిపోతే, కానిస్టేబుల్ నంబర్ ప్లేట్ల మీద బురద వేలితో తుడిచి ఒక్కొక్కటే చూసుకుంటున్నాడు. బండి దొరికింది గానీ బ్యాటరీ పోయింది, క్యాన్ల మూతలు లేవు. ఆయన మాత్రం బండి గురించి కాదు, "ఈ వయసులో నా మీద కేసా" అని కుమిలిపోయాడు.

అసలు సంగతి తర్వాత కోర్టులో తెలిసింది. 188 కేసును కోర్టు విచారణకు తీసుకోవాలంటే, ఆ ఉత్తర్వు ఇచ్చిన అధికారి గానీ ఆయన పై అధికారి గానీ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం) 195 సెక్షన్‌లో ఉన్నదిదే. మామయ్య ఫైల్లో ఎస్సై ఛార్జిషీట్ తప్ప అలాంటి కాగితమే లేదు. లాయర్ అది చూపించాక కేసు మూసేశారు. నన్నడిగితే ఆ రోజుల్లో పెట్టిన కేసుల్లో సగానికి సగం ఇలాంటివే.

పాలవాడి మీద కేసు పెట్టిన ఈ దేశంలోనే 2021 ఏప్రిల్‌లో వేలమందితో ఎన్నికల సభలు జరిగాయి. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. 2020 మార్చిలో ఢిల్లీలో తబ్లిగీ జమాత్ అనే ముస్లిం మత సంస్థ సమావేశానికి వచ్చిన విదేశీయులకు ఆశ్రయమిచ్చారని 70 మంది భారతీయుల మీద పెట్టిన కేసుల్ని ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. ఎప్పుడనుకున్నారు? 2025 జూలైలో! ఆ ఐదేళ్లు వాళ్లకెవరిస్తారు?

మీరు ముందు ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీట్ నకళ్లు తీసుకోండి. 188 ఒక్కటే ఉంటే శిక్ష మహా అయితే ఆరు నెలలు, కాబట్టి మామూలుగా నేరం జరిగిన ఏడాదిలోపు కోర్టులో కేసు దాఖలై ఉండాలి, కానీ కోవిడ్ కాలాన్ని సుప్రీంకోర్టు గడువు లెక్కల నుంచి మినహాయించింది, అది మీ కేసుకు వర్తిస్తుందేమో లాయర్ని అడగండి. ఆ తేదీ చూడండి. 269, 270 (ప్రమాదకర రోగం వ్యాపించేలా చేయడం) కూడా కలిపితే 195 వాదన ఒక్కటే చాలదు. 270కి ఆ దాఖలు గడువు మూడేళ్లు, అప్పుడు లాయర్ని పెట్టుకోవాల్సిందే.