బడి కోసం కూటమి కడుతున్న మేనకోడలికి

అమ్మలూ,

ఒడిశాలో ఉన్న మీ పర్లాకిమిడిలో నువ్వూ నీ ఫ్రెండ్సూ కలిసి పిల్లల కోసం ఐక్యవేదిక పెడుతున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది, ఎంత సంతోషం వేసిందో. ఈ పనిలో 12 ఏళ్ళు తిరిగినవాణ్ణి కదా, నాకు తెలిసింది రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

మీ మీటింగుకి రెండు రకాల జనం వస్తారు. తల్లిదండ్రులేమో బడికి గోడ కావాలి, కెమెరా కావాలి, అల్లరి చేసేవాడికి టీసీ ఇచ్చి పంపేయాలి అంటారు, వాళ్ళ భయం నిజమైందే. లాయర్లూ ఎన్జీవో వాళ్ళూ చట్టం గురించి తప్ప మాట్లాడరు. మొదటి రోజే ఇద్దరికీ చెడుతుంది, మాకూ చెడింది. అప్పట్లో ఒక బడిలో నీళ్ళ మోటారు పోతే తొమ్మిదో తరగతి కుర్రాణ్ణి పోలీసులకి పట్టించారు. మేం వెళ్ళేసరికి రాత్రి 9 అయింది, స్టేషన్లో బెంచీ చివర కూర్చునున్నాడు, ఒంటిమీద యూనిఫాం చొక్కా, కాళ్ళకి చెప్పుల్లేవు, ఒక కాలి వేళ్ళతో ఇంకో కాలు తొక్కుకుంటూ నేల చూస్తున్నాడు. మోటారు తీశాడా అంటే తీశాడు. కానీ నెల ముందు అదే బడిలో వాడి వీపు మీద బెత్తం విరిగిందట, ఆ రోజు నుంచి వాడు బడికే రాలేదు, ఎందుకు రావట్లేదని ఒక్కరూ ఇంటికెళ్ళి అడగలేదు. వాళ్ళమ్మ ఈ మాట చెప్పాక మా రెండు వర్గాలకీ నోట మాట రాలేదు. బడిలో దెబ్బ తిన్నవాడూ స్టేషన్లో కూర్చున్నవాడూ ఒక్కడే కదమ్మా. అందుకే బడిలో భద్రత, చట్టం ఇచ్చిన హక్కులు, ఒక్క అర్జీలోనే రెండూ అడగండి, విడివిడిగా మాత్రం తిరగొద్దు.

చట్టం మీ వైపే ఉంది. బడిలో కొట్టడం, మనసు నొచ్చేలా వేధించడం 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కింద నిషేధం. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం 18 నిండని పిల్లల్ని లాకప్‌లో పెట్టకూడదు, ప్రయాణానికి పట్టే టైము కాకుండా 24 గంటల్లోపు జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకి తీసుకెళ్ళాలి. ప్రతి స్టేషన్లో పిల్లల కోసం ఒక పోలీసు అధికారి ఉండాలి, ఆయన పేరేంటో వెళ్ళి అడుగు, మేం అడిగినప్పుడు ఆ అధికారికే తానని తెలీదు! ఆయన పేరు, ఫోన్ నంబరు ప్రతి బడి గోడ మీద రాయించండి, మీ మొదటి డిమాండు అదే కావాలి.

రెండోది బడి కమిటీ. మెంబర్లలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులుండాలి, మొత్తం మెంబర్లలో సగం ఆడవాళ్ళు. కాగితం మీద పేరున్న తల్లుల్ని ఇంటింటికీ వెళ్ళి కలిస్తే సగంమందికి తాము మెంబర్లమనే తెలీలేదు. అసలు సంగతులు చెప్పేది వాళ్ళే. ఒక హాస్టల్లో మరుగుదొడ్డికి గడియ లేక ఆడపిల్లలు లోపల్నుంచి బకెట్ తాడు కట్టి పట్టుకుని కూర్చునేవారు, ఇది మాకు చెప్పింది లాయరు కాదు, సంతలో చింతపండు అమ్ముకునే ఒక తల్లి. కెమెరా కంటే ముందు ఆ గడియ అడిగాం, వారంలో పెట్టారు, ఆ తర్వాతే జనం మమ్మల్ని నమ్మారు.

అర్జీ ఒడియాలో రాయించండి, లేకపోతే ఆఫీసులో పక్కన పడేస్తారు, సంతకాలు పెట్టే ముందు మాత్రం తెలుగులో, అక్కడి గిరిజనుల సవర భాషలో చదివి వినిపించండి, అర్థం కాకుండా వేలిముద్ర వేయించడం పాపం. ఇచ్చాక రసీదు తీసుకో, కదలకపోతే సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) కింద దరఖాస్తు వెయ్యి, 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఏ పిల్లాడి ఫొటో గానీ, పేరు గానీ, బడి పేరు గానీ వాట్సాప్‌లో పెట్టనివ్వకు. మాలో ఒకాయన మంచి మనసుతోనే పెట్టాడు, ఆ కుటుంబం ఊరొదిలి పోయింది, నాకిప్పటికీ ఆ తల్లి మొహం గుర్తొస్తుంది. లైంగిక వేధింపు మాట చెవిన పడితే మీటింగులో చర్చ పెట్టకు, పెద్దమనుషుల్ని కూర్చోబెట్టకు, 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు చెప్పి తీరాలి, వెంటనే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి.

సరిహద్దు దాటితే ఆంధ్రలో ఉన్న పాతపట్నం వైపు కూడా ఇద్దర్ని కలుపుకోండి, మన పిల్లలు పొద్దున్న ఇటుంటే సాయంత్రం అటుంటారు. ఆదివారం ఇంటికి రా, పాత అర్జీల నకళ్ళు పెట్టె నిండా ఉన్నాయి, ఒడియా బాగా రాసే మాస్టారు మా వీధిలోనే ఉన్నారు, ఆయన్ని నీకు పరిచయం చేస్తాను.

మీ మావయ్య