హాస్టల్లో ఫోను పట్టుకుని చదివే శ్రావణికి

చిరంజీవి శ్రావణికి పెదనాన్న ఆశీస్సులు.

నాగార్జున యూనివర్సిటీ హాస్టల్లో బాగానే సర్దుకున్నావని అమ్మ చెప్పింది. క్లాసులో అర్థం కాని పాఠాలన్నీ రాత్రిళ్లు యూట్యూబ్‌లో చూస్తున్నావని మీ నాన్న ఒకటే బెంగ. నాకు ఆ బెంగ లేదు. గుంటూరులో ఇన్నేళ్లు స్టాటిస్టిక్స్ చెప్పినవాణ్ని కాబట్టి చెబుతున్నా, ఆ అలవాటు మానకు. కాకపోతే చూసిన లెక్క నీ చేత్తో చేసేదాకా నీకు వచ్చినట్టు కాదు తల్లీ.

ఇవాళే ఒక పని చెయ్యి. 2, 4, 6, 8, 10 తీసుకుని స్టాండర్డ్ డీవియేషన్, అంటే అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత, కాగితం మీద కట్టు. సగటు 6, తేడాల వర్గాల మొత్తం 40. ఇప్పుడు అవే అంకెలు ఎక్సెల్‌లో వేసి ఎస్‌టీడీఈవీ.పీ అనే ఫార్ములా కొట్టు, 2.83 వస్తుంది. ఎస్‌టీడీఈవీ.ఎస్ కొడితే 3.16. మొదటిది 40ని అయిదుతో భాగించి వర్గమూలం తీస్తుంది, రెండోది నాలుగుతో. నీ దగ్గరున్నది మొత్తం డేటా అయితే మొదటిది, అందులోంచి తీసిన కొంత భాగమే, అంటే శాంపిల్ అయితే రెండోది వాడాలి. వీడియోలో "ఇక్కడ నొక్కండి" అని చెప్పి ముందుకెళ్లిపోతారు. వైవాలో మాత్రం ఎందుకు నొక్కావనే అడుగుతారు. మంచి మార్కులు రావాల్సిన పిల్లలు అక్కడే తడబడటం చాలాసార్లు చూశాను, ప్రాణం ఉసూరుమంటుంది.

షీట్లు ఫోనులోనూ తెరుచుకుంటాయి గానీ, సాయంత్రం కాసేపు ల్యాబ్‌లో కూర్చుని కీబోర్డు మీద చెయ్యి తిరగనివ్వు.

ఏ వీడియో చూడాలన్నది సిలబస్ కాగితం పక్కన పెట్టుకుని తేల్చుకో. వరసగా ఒక సబ్జెక్టు కావాలంటే ఎన్‌పీటీఈఎల్ మేలు. ఐఐటీల వాళ్లు, బెంగళూరు ఐఐఎస్‌సీ వాళ్లు చెప్పే పాఠాలు. చేరడానికి డబ్బు కట్టక్కర్లేదు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. వారం వారం అసైన్‌మెంట్లుంటాయి, నీకు కావలసింది అవే. ఈ కోర్సులు కేంద్ర ప్రభుత్వపు ఆన్‌లైన్ చదువుల పోర్టల్ 'స్వయం'లో ఉంటాయి. 'స్వయం' కోర్సుల క్రెడిట్లు డిగ్రీలో కలుపుకోవడానికి యూజీసీ నిబంధనలు ఒప్పుకుంటాయి. మీ డిపార్ట్‌మెంట్ ఏ కోర్సుకి కలుపుతుందో చేరకముందే సార్‌ని అడుగు, తర్వాత టెన్షన్ పడొద్దు.

టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగే పీడీఎఫ్ నోట్సులో ఎవరు రాశారో కూడా ఉండదు. ప్రాజెక్టుకి శోధ్‌గంగ చూడు, మన దేశపు పీహెచ్‌డీ థీసిస్‌లు ఉచితంగా దొరుకుతాయి. చాట్‌జీపీటీని సందేహం అడగడం తప్పేం కాదు. కానీ అది లేని పుస్తకాన్ని కూడా ఉన్నట్టే పేరుతో సహా చెప్పేస్తుంది, కాబట్టి అదిచ్చిన ప్రతి రిఫరెన్సూ తెరిచి చూడందే ప్రాజెక్టులో పెట్టకు.

ఆదివారం బ్రాడీపేట వచ్చేటప్పుడు ఆ అయిదంకెల లెక్క కట్టిన కాగితం పట్టుకురా. నాలుగుతో ఎందుకు భాగించాలో నువ్వే నాకు చెప్పాలి. పెద్దమ్మ గోంగూర పచ్చడి కట్టిస్తానంటోంది, డబ్బా తెచ్చుకో.

మీ పెదనాన్న