మెదడుకు శోధనా, శుద్ధా, ప్రక్షాళనా?

సందేహం: "నిద్రలో మెదడుకు శోధన జరుగుతుంది, ఆయుర్వేదం ఈ సంగతి ఎప్పుడో చెప్పింది" అని ఒక ఆరోగ్య వ్యాసంలో చదివాను. శోధన అంటే వెతకడం, పరీక్షించడం కదా? చర్చిలో కూడా ఆ అర్థంలోనే వింటాం. ఇక్కడ శుద్ధి అనాలా, ప్రక్షాళన అనాలా?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

సమాధానం: శోధనకు శుభ్రం చేయడమనే అర్థం ఉందమ్మా. శుద్ధి, శోధన ఒకే ధాతువు నుంచి పుట్టినవే. మాట తప్పు కాదు, వాడిన చోటే తప్పు.

ఆయుర్వేదంలో శోధన అంటే వమనం (వాంతి చేయించడం), విరేచనం, వస్తి (ఎనిమా), నస్యం (ముక్కులో మందు వేయడం) వంటి చికిత్సలు. నిద్ర వాటిలో లేదు. చరక సంహిత నిద్రను ఆహారం, బ్రహ్మచర్యాలతో కలిపి ఒంటిని నిలబెట్టే మూడు ఉపస్తంభాల్లో ఒకటిగా చెప్పింది. రాత్రి సహజంగా పట్టే నిద్రను 'భూతధాత్రి' అంది, అంటే ప్రాణులను పోషించేది. రాత్రి మేలుకుంటే ఒంట్లో రూక్షత (పొడితనం), పగలు పడుకుంటే స్నిగ్ధత (జిడ్డుతనం) పెరుగుతాయనీ అంది. ఈ మాటల్లో ఉన్నది పోషణ, కడగడం కాదు. కొత్తగా ఏది బయటపడినా "మనవాళ్లు ఎప్పుడో చెప్పారు" అని ముడిపెట్టడం మన వ్యాసాలకు జబ్బైపోయింది.

ఇక శుద్ధి. ఈ మాట నల్లగొండ జిల్లావాళ్లకు ఒకరు నేర్పక్కర్లేదు. ఫ్లోరైడ్ నీళ్లలో పటిక, సున్నం కలిపి తేర్చే 'నల్లగొండ టెక్నిక్' నీటి శుద్ధే. అక్కడ శుభ్రమయ్యేది నీరు. ప్రక్షాళనలో నీరు మరొకదాన్ని కడుగుతుంది. అందుకే పాదప్రక్షాళన అంటాం, పాదశుద్ధి అనం.

మెదడు సంగతి ఈ రెండో రకం. మెదడు చుట్టూ ఉండే ద్రవం రక్తనాళాల వెంబడి లోపలికి పారి, బీటా అమిలాయిడ్ అనే ప్రొటీన్ వంటి వ్యర్థాలను పట్టుకుపోతుందని 2012లో నాడీ శాస్త్రవేత్త మైకెన్ నెడర్‌గార్డ్ బృందం చెప్పింది. నిద్రపోయే ఎలుకల మెదడులో కణాల మధ్య జాగా 60 శాతం దాకా పెరిగి ఆ పారుదల పుంజుకుంటుందని 2013లో ప్రకటించింది. పారే ద్రవం కడుగుతోంది కనుక ప్రక్షాళనే సరైన మాట.

వాక్యం చివరి క్రియాపదం దగ్గర మాత్రం జాగ్రత్త. 2024లో లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులకు ఎలుకల్లోనే దీనికి ఎదురు ఫలితం వచ్చింది. అందుకని "జరుగుతుంది" అని తేల్చి రాయకుండా "జరుగుతుందని కొందరు శాస్త్రవేత్తలు అంటున్నారు" అనండి.

ఇంట్లో చెప్పేటప్పుడు ఈ సంస్కృతమంతా ఎందుకు? "పండుకున్నప్పుడు మెదడు కడుక్కుంటదట" అంటే చాలు. శాస్త్రవేత్తల తగవు ఇంకా తెగలేదన్న సంగతి కూడా ఆ చివరి 'ట'లో వచ్చేసింది.