చీకట్లో చెట్ల కింద: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం దెయ్యాల గురించే. ఒకపక్క కార్తీక వనభోజనాలు, ఇంకోపక్క మన బెంగళూరు అపార్ట్‌మెంట్లలో పిల్లల హాలోవీన్ హడావిడి. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని, నాకు దెయ్యాల శాఖ ఎవరు కట్టబెట్టారో తెలీదు. అయినా రాత్రిపూట నడక నాకూ ఇష్టమే కాబట్టి పుచ్చుకున్నాను.

మేడమ్, మా అక్కవాళ్లు న్యూజెర్సీలో ఉంటారు. అక్టోబరు వస్తే చాలు, రాత్రిపూట ఎర్రటి ఆకుల మీద లాంతర్లు పట్టుకుని అడవిలో నడుస్తూ వీడియోలు పంపుతారు. మా పిల్లలూ అలాంటిదే కావాలంటున్నారు. వచ్చే ఆదివారం రాత్రి తురహళ్లి అడవికి వెళ్దామనుకుంటున్నాం. పిల్లలు కాస్త భయపడేలా ఏం చేయాలి?
— ఓ తల్లి, వైట్‌ఫీల్డ్

తురహళ్లి మాట మర్చిపోండమ్మా. అది అటవీశాఖ చేతిలో ఉన్న అడవి. చీకటి పడ్డాక అందులోకి వెళ్లకూడదు. ఆ చుట్టుపక్కల చిరుతలు కనిపించిన సందర్భాలున్నాయి. బన్నేరుఘట్ట అయితే చెప్పనే అక్కర్లేదు, అక్కడ ఏనుగులే ఉన్నాయి. సరదాగా భయపడాలంటే అపాయమేమీ లేదని పెద్దవాళ్లకు ముందే తెలిసుండాలి, పిల్లలకు తెలియకూడదు. తురహళ్లిలో రాత్రి ఈ రెండూ తలకిందులవుతాయి.

ఇక ఆ ఎర్రటి ఆకులు. అక్కడ పగటిపొద్దు తగ్గేకొద్దీ చెట్టు ఆకులో పత్రహరితం తయారుచేయడం ఆపేస్తుంది. పాతది విరిగిపోతుంది, దాని చాటున ఉన్న పసుపు బయటపడుతుంది. మేపుల్ లాంటి చెట్లలో ఎరుపు మాత్రం అప్పుడే కొత్తగా తయారవుతుంది. మన బెంగళూరులో ఆ నెలల్లో ఈశాన్య రుతుపవనాల వానలు. ఆకు పచ్చగా, నేల తడిగా ఉంటుంది. ఇక్కడ చాలా చెట్లు ఆకు రాల్చేది శిశిరంలోనే. కాలి కింద కరకరలాడాలంటే ఫిబ్రవరి దాకా ఆగండి. అప్పుడు ఎండుటాకుల్లో చుంచెలుక కదిలినా అడవిపంది వస్తోందనిపిస్తుంది. ఆ భయం ఖర్చులేనిది, చాలా బాగుంటుంది.

ఇప్పుడే కావాలంటారా? లాల్‌బాగ్‌కి వెళ్లండి. నవంబరు మధ్యలో మనకు ఆరింటికి ఓ పది నిమిషాల ముందే పొద్దు కుంకుతుంది. గేటు మూసేది ఏడింటికి. మధ్యలో మిగిలే ఆ గంట పిల్లలకు సరిపోతుంది. వెలుతురుండగానే కెంపేగౌడ బురుజున్న రాతిగుట్ట ఎక్కించండి. ఆ రాయి వయసు దాదాపు 300 కోట్ల ఏళ్లని చెప్పండి, దెయ్యం కథ కన్నా ఎక్కువ నోరు తెరుస్తారు. గబ్బిలాలు లేచే వేళకు దిగి పెద్ద చెట్ల కిందకి నడవండి. మాటలు ఆపి, ఒక్కొక్కరు పది అడుగుల దూరంలో నడవాలన్నది నా షరతు. అసలు మజా అక్కడే ఉంది. నలుగురూ చేతులు పట్టుకుని కబుర్లాడుతూ నడిస్తే అది షాపింగే. గార్డులు విజిల్ వేయగానే మాత్రం మర్యాదగా బయటికి రండి.

ఊరి బయట తెలిసినవాళ్ల మామిడి తోట ఉంటే ఇంకా మంచిది. యజమానికి ముందే చెప్పండి, కుక్కల్ని కట్టేయమనండి. నా అనుభవంలో చీకటి తోటలో నిజంగా భయపడాల్సింది కుక్కలకే.

ఇంకో సంగతి. ఈ కాలంలో సప్తపర్ణి పూస్తుంది. మా విద్యారణ్యపురలో వీధి చివర ఒకటుంది. పగలు దాన్ని ఎవరూ పట్టించుకోరు, రాత్రయితే వాసన తల తిరిగేంత ఘాటుగా ఉంటుంది. పడమటి కనుమల్లో కొన్ని తెగలవాళ్లు దాని నీడన కూర్చోరు, దెయ్యం ఉంటుందని. అదే చెట్టు చెక్కతో ఒకప్పుడు పిల్లలకు పలకలు చేసేవారు. మీ పిల్లల్ని కళ్లు మూసుకుని వాసనపట్టి ఆ చెట్టును కనిపెట్టమనండి.

దేవనహళ్లి దగ్గర ఫ్రెండ్ తోటలో రాత్రి నడుస్తుంటే చెట్ల మధ్య తెల్లటి మనిషి ఆకారం కనిపించింది. సూటిగా చూస్తే మాయం, తల పక్కకి తిప్పితే మళ్లీ అక్కడే. నలుగురం చూశాం. నవ్వకండి, ప్లీజ్.
— ఓ పాఠకుడు, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్

నవ్వలేదు నాయనా. మీరు నిజమే చెబుతున్నారు.

మన కంట్లో రంగులు చూసే శంకుకణాలు వేరు, మసక వెలుతురులో పనిచేసే దండకణాలు వేరు. దేన్నయినా సూటిగా చూస్తే దాని బొమ్మ రెటీనా నడిమధ్యలో పడుతుంది. ఆ చోట దండకణాలు ఉండవు. అందుకే చీకట్లో గురిపెట్టి చూసిన వస్తువు కనుమరుగవుతుంది, చూపు కాస్త పక్కకి జరిపితే తిరిగొస్తుంది. నక్షత్రాలు చూసేవాళ్లు మసక చుక్కల్ని ఇలా ఓరగానే చూస్తారు. ఆ ప్రాంతంలో నీలగిరి చెట్లు ఎక్కువ. బెరడు ఊడిన నీలగిరి మొద్దు రాత్రిపూట అచ్చం పంచె కట్టుకున్న మనిషే. పగలు వెళ్లి అదే చోట నిలబడి చూడండి.

చీకటికి కన్ను బాగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు కావాలి. మధ్యలో ఒక్కసారి వాట్సాప్ చూశారో, మళ్లీ మొదటికి. దారి కోసం టార్చి కావాలంటే ముందు ఎర్రటి జిలుగు కాగితం చుట్టండి, సన్నటి ఎర్ర వెలుగు దండకణాల్ని అంతగా చెడగొట్టదు. పై ఉత్తరంలోని అక్కగారి వీడియోలో ఆకులు ఎర్రగా కనిపించాయంటే అది లాంతరు వెలుగు పుణ్యమే. చీకట్లో ఎరుపు నల్లగానే కనిపిస్తుంది.

దూరంగా ఒంటరి దీపాన్ని చాలాసేపు చూడండి, అది కదిలినట్టే ఉంటుంది, పోల్చుకోవడానికి చుట్టూ ఏమీ లేక. మా హిందూపురం వైపు చెప్పుకునే కొరివి దెయ్యాల్లో సగం ఇలా పుట్టినవేనని నా అనుమానం. మిగతా సగం బీడీలు.

మా క్యాంపస్‌లో చెట్టు మీద రెండు ఎర్రటి కళ్లు. చప్పుడు లేదు, కదలిక లేదు. ఏమిటది?
— ఓ విద్యార్థిని, హెబ్బాళ్

నీ అదృష్టానికి నాకు అసూయగా ఉందమ్మా. బహుశా దేవాంగ పిల్లి. పేరుకే పిల్లి, నిజానికి కోతులకు దూరపు చుట్టం. ఇక్కడివాళ్లు కాడుపాప అంటారు. జీకేవీకే (వ్యవసాయ విశ్వవిద్యాలయం), ఐఐఎస్సీ ఆవరణల్లో ఇవి ఉన్నాయి. పావుకిలో బరువుంటుందేమో, పురుగులు తింటుంది, కొమ్మ నుంచి కొమ్మకు మెల్లగా చేతులు మార్చుకుంటూ పోతుంది. కంటి వెనక అద్దంలాంటి పొర ఉండటం వల్ల టార్చి వెలుగు ఎర్రగా తిరిగి కొడుతుంది. తెల్లటి టార్చి దాని మొహాన వేసి ఉంచొద్దు.

దీన్ని చూసి మనం భయపడటం చాలా అన్యాయం. చేతబడి పేరుతో వీటిని పట్టి హింసించేది మనుషులే. చెట్ల కొమ్మలు కలిసి లేకపోతే కరెంటు తీగలు పట్టుకుని చచ్చిపోతాయి. మీ క్యాంపస్‌లో కొమ్మలు నరకడానికి వస్తే అడ్డం పడు.

రాత్రిపూట చింతచెట్టు కిందకి వెళ్తే దెయ్యం పడుతుందని మా అత్తగారు, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువని మా ఆయన. ఎవరిది రైటు?
— ఓ గృహిణి, మారతహళ్లి

ఇద్దరిదీ కాదు. రాత్రి చెట్టు కార్బన్ డయాక్సైడ్ వదిలేది నిజమే కానీ, ఆరుబయట గాలిలో అది లెక్కలోకి రాదు. పక్కన పడుకున్న మీ ఆయనా వదులుతారు. అత్తగారితో మాత్రం వాదించకండి.

పాములుంటాయని టెన్షన్. మానేయాలా?
— ఓ పాఠకుడు, బొమ్మనహళ్లి

మానక్కర్లేదు. చీలమండ దాటే బూట్లు వేసుకోండి, అడుగు పెట్టే చోట వెలుగు పడనివ్వండి. కట్లపాము రాత్రి తిరుగుతుంది, కాటు నొప్పి కూడా పెద్దగా తెలియకపోవచ్చు. కరిచిందని అనుమానం వచ్చినా కట్టు కట్టకుండా, కోయకుండా, కాలు కదపకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లండి. నాగు, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, నాలుగింటికీ ఒకే విరుగుడు మందు పనిచేస్తుంది. ఏ పాము అని వెతుక్కుంటూ కూర్చోవద్దు.

బ్లూటూత్ స్పీకర్‌లో గుడ్లగూబ అరుపులు పెడితే పిల్లలకు థ్రిల్‌గా ఉంటుంది కదా?
— ఓ తండ్రి, యలహంక

ఉండొచ్చు. కానీ అక్కడున్న నిజం గుడ్లగూబ ఇంకోటి తన చోటికి చొరబడిందనుకుని వేట మానేసి గొడవకి దిగుతుంది. మీ ఊళ్లో ఆ అవసరమే లేదండీ. చల్లటి రాత్రుల్లో నేల దగ్గర గాలి చల్లగా, పైన వెచ్చగా ఉండి శబ్దం కిందికి వంగుతుంది. యలహంక స్టేషన్‌లో రైలు కూస్తే మా పెరట్లో కూసినట్టే ఉంటుంది. స్పీకర్ కారులో పెట్టి తాళం వేయండి.