ఒపెరా ఎల్పీలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఒపెరా గాయని మరియా కల్లాస్ పాడిన పుచ్చినీ ఒపెరా ‘టోస్కా’ ఎల్పీ (లాంగ్ ప్లే వినైల్ రికార్డు) సెట్టు కొనాలనుకుంటున్నాను. ఒక అమ్మకందారు స్టీరియో సెట్టు ఉందంటున్నారు. మరొకరు తమ దగ్గరున్నది మొట్టమొదటి ముద్రణ అంటూ దానికి అనేక రెట్లు ధర చెబుతున్నారు. ఏది తీసుకోవాలి? (హైదరాబాద్ పాఠకుడు)

జవాబు: వారు చెబుతున్నది ఏ ‘టోస్కా’యో ముందు అడగండి. కల్లాస్ ఈ ఒపెరాను స్టూడియో రికార్డింగుగా రెండుసార్లు పాడారు. విక్టర్ డి సబాటా కండక్టరుగా (వాద్యబృందాన్ని నడిపేవారిగా), జుసెప్పె డి స్టెఫానో, టిటో గోబ్బీ తోటి గాయకులుగా 1953లో మిలాన్‌లోని లా స్కాలా ఒపెరా థియేటర్‌లో చేసినది మొదటిది. పారిస్‌లో జార్జ్ ప్రెట్ర్ కండక్టరుగా చేసి 1965లో విడుదలైనది రెండవది. రెండవది అసలైన స్టీరియోయే (కుడి, ఎడమ స్పీకర్లకు వేర్వేరు శబ్దం) గాని, అప్పటికి ఆమె పై స్థాయి స్వరాలు బాగా బిగుసుకుపోయాయి. గొంతు కోసం, ఆర్కెస్ట్రా బిగువు కోసం వినేవారికి 1953 నాటిదే ముఖ్యమని నా అభిప్రాయం.

ఆ 1953 రికార్డింగు మోనో, అంటే రెండు స్పీకర్లలోనూ వచ్చేది ఒకే శబ్దం. దానిని ఎవరైనా స్టీరియో అని అమ్ముతున్నారంటే, అది స్టీరియో వాడుక పెరిగాక పాత మోనో టేపులను యంత్రాలతో సాగదీసి చేసిన కృత్రిమ స్టీరియో అయి ఉంటుంది. హెచ్చు శ్రుతులను ఒక వైపుకు, మంద్ర శ్రుతులను మరో వైపుకు పంచి, కొంత ప్రతిధ్వని కలపడం అప్పటి పద్ధతి. అలాంటి ప్రతిలో పాడే మనిషి గొంతు ఒకచోట నిలవకుండా గదంతా పరుచుకుంటుంది. ధర ఎంత తక్కువైనా దాని జోలికి పోకండి.

ఇక మొదటి ముద్రణ సంగతి. ఇంగ్లండులో ఇది కొలంబియా కంపెనీ పేరు మీద, 33సిఎక్స్ అన్న కేటలాగు వరుసలో, రెండు ఎల్పీలుగా వచ్చింది. రికార్డు మధ్యనున్న కాగితపు లేబుల్ రంగును బట్టి మాత్రమే నమ్మవద్దు. రికార్డును వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని, చివరి గాడికీ లేబుల్‌కూ మధ్యనున్న నున్నటి భాగాన్ని చూడండి. మేట్రిక్స్ నంబరు (ఆ వైపును గుర్తించే సంఖ్య) గడియారంలో ఆరు ఉండే చోటికి వచ్చేలా తిప్పితే, తొమ్మిది దగ్గర ఒక అంకె, మూడు దగ్గర ఒకటి రెండు అక్షరాలు కనిపిస్తాయి. ఆ అంకె లోహపు మాతృక సంఖ్య. అక్షరాలు దాని నుంచి తీసిన, రికార్డులను నొక్కి ముద్రించే అచ్చు సంఖ్య. కొలంబియా యజమానులైన ఇఎమ్ఐ వారు గ్రామఫోన్ లిమిటెడ్ అన్న మాటల అక్షరాలనే అంకెలుగా వాడారు: జి అంటే 1, ఆర్ అంటే 2, ఎ అంటే 3, అలా సాగి చివరి డి అంటే సున్న. 1, జి అని ఉంటే మొదటి మాతృక నుంచి తీసిన మొదటి అచ్చు అన్నమాట. సేకరణదారులు డబ్బు పోసేది ఈ చిన్న గుర్తుకే. వినడమే మీ ఉద్దేశమైతే, అరుగుదల లేని తర్వాతి మోనో ముద్రణ అరిగిపోయిన మొదటి ముద్రణ కన్నా ఎంతో మేలు.

అరుగుదలను కంటితో చూసి చెప్పడం కష్టం. ప్రతి వైపూ చివరి రెండు మూడు నిమిషాలు వినిపించమని అడగండి. పళ్లెం తిరిగే వేగం ఒకటే అయినా లేబుల్ దగ్గర చుట్టుకొలత తక్కువ కాబట్టి, అదే శబ్దం తక్కువ పొడవులో ఇరుక్కుంటుంది, సూదికి పని కష్టమవుతుంది. అంకం ముగింపులోని కోరస్, ఇత్తడి వాద్యాల హోరు పడేది తరచుగా అక్కడే. బరువైన సూదులతో తిప్పిన రికార్డయితే గొంతు పెరిగిన చోటల్లా అంచులు చిరిగినట్టు గరగర వినిపిస్తుంది. ఆ గరగర ఎంత కడిగినా పోదు.

ప్రశ్న: చారిటీ షాపులో మూడు ఎల్పీల ఒపెరా పెట్టె కొన్నాను. మొదటి వైపు వెనక ఆరవ వైపు ఉంది. ముద్రణ లోపమా? (లండన్ పాఠకురాలు)

జవాబు: లోపం కాదు. ఒకదానిపై ఒకటి పేర్చిన రికార్డులను తనంతట తానే కిందికి దించే ఛేంజర్ల కోసం చేసిన వరుస అది. 1, 2, 3 వైపులు వరుసగా వాయించాక దొంతరను మొత్తంగా తిరగేస్తే 4, 5, 6 వస్తాయి. మామూలు ప్లేయర్ మీద మీరు లేచి రికార్డు మార్చుకోవాల్సి ఉంటుంది, అంతే. పెట్టెలో సాహిత్యమున్న పుస్తకం ఉందో లేదో మాత్రం చూసుకోండి. ఇటాలియన్ రానివారికి అది లేని పెట్టె సగం పెట్టే.

ప్రశ్న: తాతగారి సామానులో పాతకాలపు ఒపెరా గాయకుడు కరూసో రికార్డులు దొరికాయి. బరువుగా, పెళుసుగా ఉన్నాయి. ఎల్పీ ప్లేయర్ మీద వేయవచ్చా? స్పిరిట్‌తో తుడవవచ్చా? (రాజమహేంద్రవరం పాఠకుడు)

జవాబు: రెండూ వద్దు. అవి వినైల్ కాదు, లక్క కలిపి చేసిన, నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డులు. స్పిరిట్ లక్కను కరిగిస్తుంది. గాడి వెడల్పు కాబట్టి ఎల్పీ సూది అడుగున పడి దొర్లుతుంది, 78 కోసం చేసిన వేరే సూది కావాలి. మెత్తని బ్రష్‌తో దుమ్ము దులిపి నిలువుగా నిలబెట్టండి. ఎల్పీలనూ అలాగే పెట్టాలి, వాటిని మే నెల ఎండ తగిలే గోడవైపు మాత్రం ఉంచకండి.